ఎపిలెప్సీ ఒక్కదానికే జీవితం కేటాయించిన న్యూరాలజిస్టు రోజంతా ఏం చేస్తారు?

మల్కాజిగిరి_అక్క
మా తమ్ముడు హైదరాబాద్‌లోనే డీఎం న్యూరాలజీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. ఎంబీబీఎస్‌కు ఐదున్నరేళ్లు, ఎండీ జనరల్ మెడిసిన్‌కు మూడేళ్లు, డీఎంకు మూడేళ్లు పట్టాయి. మధ్యలో ప్రవేశ పరీక్షల కోసం ఇంట్లో తలుపు వేసుకుని చదివిన కాలం వీటికి అదనం. ఇక ఏదో ఒక ఆసుపత్రిలో కన్సల్టెంటుగా చేరి స్థిరపడతాడని అమ్మానాన్నలు ఎదురుచూస్తూ ఉంటే, ఇప్పుడు వాడు ఎపిలెప్సీలో ఫెలోషిప్ చేస్తానని, ఆ తరువాత కూడా మూర్ఛ రోగులనే చూస్తానని పట్టుబట్టాడు. "ఫిట్స్‌కు మాత్ర రాసివ్వడానికి మళ్లీ చదువెందుకురా" అని నాన్నగారు అడిగారు. వాడు సమాధానం చెప్పకుండా అన్నం తిని లేచి వెళ్లిపోయాడు. నా ఫిర్యాదు నాన్నగారి మీద కాదు, వాడి మీదే. అడిగితే పేర్లు మాత్రం విసురుతాడు. జాక్సన్ అంటాడు, పెన్‌ఫీల్డ్ అంటాడు, తిరువనంతపురం అంటాడు, అంతకు మించి ఒక్క ముక్క విడమరిచి చెప్పడు. ఈ ఒక్క జబ్బు మీద బతుకంతా గడిపి పేరు తెచ్చుకున్న వైద్యులు నిజంగా ఏం చేశారో, ఏం చేస్తున్నారో తెలిసినవారు చెబితే, ఇంట్లో నేను మధ్యవర్తిగా కూర్చోవడానికి కొంత ఆధారం దొరుకుతుంది.

ఉస్మానియా_బిస్కెట్
మీ నాన్నగారి ప్రశ్నకు ఒక చిన్న సవరణ. మా పేటలో ఫిట్స్‌కు మాత్ర కూడా రాయరు, తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెడతారు. ఆ లెక్కన తాళాలు చేసే ఖాదర్ భాయ్ మా పేటకు పెద్ద న్యూరాలజిస్టు.

లెక్కల_మాస్టారు
హాస్యం పక్కన పెట్టి అసలు విషయం మాట్లాడుకుందాం. పక్షవాతం రోగి అర్ధరాత్రి వస్తాడు, రక్తపు గడ్డను లాగేస్తారు, మంచం నిండుతుంది, ఆసుపత్రి యాజమాన్యానికి ఆదాయం కనిపిస్తుంది. మూర్ఛ రోగి మూడు నెలలకొకసారి వచ్చి, అరగంట మాట్లాడి, కన్సల్టేషన్ రుసుము కట్టి వెళ్తాడు. అతనికి సమయం ఎక్కువ పడుతుంది, బిల్లు తక్కువ అవుతుంది. పదకొండున్నరేళ్లు చదివిన కుర్రవాడిని, ఇంటి అప్పులు తీరకముందే ఆ దారిలోకి పంపడం త్యాగం అనిపించుకోవచ్చు గానీ, తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న తప్పు కాదు.

ఈఈజీ_గీతలు
నేను డాక్టరును కాదు. ఈ నగరంలోనే పదకొండేళ్లుగా వీడియో ఈఈజీ గదిలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను, కనుక ఆ పని ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూసిన మాటలు చెబుతాను.

మెదడులోని విద్యుత్తును గీతలుగా నమోదు చేసే మామూలు ఈఈజీ పరీక్ష అరగంటలో అయిపోతుంది, ఆ అరగంటలో రోగికి ఫిట్స్ రావాలని ఏమీ లేదు. అందువల్ల మాత్రలకు లొంగని రోగిని మూడు రోజుల నుంచి ఐదు రోజుల వరకు గదిలో ఉంచి, తలనిండా తీగలు అంటించి, ఎదురుగా కెమెరా పెట్టి, మాత్రలను క్రమంగా తగ్గిస్తూ ఫిట్స్ కోసం ఎదురుచూస్తాం. ఇంట్లో వద్దని మొక్కుకునే దాని కోసం ఆసుపత్రిలో కాచుకుని కూర్చోవడమన్న మాట. ఫిట్స్ మొదలవగానే పక్కనున్న బంధువు బటన్ నొక్కాలి. నేను పరుగెత్తి వెళ్లి పేరు అడగాలి, చేతులు ఎత్తమనాలి, ఒక మాట చెప్పి గుర్తుపెట్టుకోమనాలి.

ఆ తరువాత డాక్టరుగారు వచ్చి ఆ రెండు నిమిషాల వీడియోను ముప్పైసార్లు చూస్తారు. మొదట ఏ చెయ్యి వంకర తిరిగింది, ఏ చెయ్యి దుప్పటిని నలిపింది, తల ఎటు తిరిగింది, తేరుకున్నాక ఏ చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. నవ్వకండి, టెంపోరల్ లోబ్‌లో, అంటే మెదడులో కణత వైపున ఉండే భాగంలో, పుట్టే మూర్ఛల్లో ముక్కు తుడుచుకున్న చెయ్యి చాలాసార్లు ఫిట్స్ పుట్టిన వైపునే ఉంటుంది, వంకర తిరిగి బిగుసుకున్న చెయ్యి దానికి ఎదుటి వైపున ఉంటుంది. ఈ పని ఒక రోగికి కొన్ని గంటలు పడుతుంది. కొందరిలో గీతలన్నీ మామూలుగానే ఉండి, వచ్చినది మెదడు విద్యుత్తు వల్ల వచ్చిన మూర్ఛే కాదని, మనసులోని ఒత్తిడి శరీరం మీదకు వచ్చిందని తేలుతుంది. అప్పుడు ఏళ్ల తరబడి వేసుకున్న మాత్రలన్నీ అనవసరమని చెప్పవలసి వస్తుంది. ఆ మాటను రోగికి నొప్పి కలగకుండా చెప్పడం శస్త్రచికిత్స కంటే కష్టమని మా పెద్ద డాక్టరుగారు అంటూ ఉంటారు.

మాస్టారు చెప్పిన లెక్క సరైనదే. ఆ గంటలకు ఏ బిల్లులోనూ ప్రత్యేకమైన వరుస ఉండదు.

పాత_పుస్తకాలు
తమ్ముడు విసిరిన మొదటి పేరు గురించి నేను చెబుతాను. జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ 1835లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టాడు, లండన్‌లో క్వీన్ స్క్వేర్‌లోని నేషనల్ హాస్పిటల్‌లో దశాబ్దాలపాటు పనిచేశాడు, 1911లో కన్నుమూశాడు. ఆయన దగ్గర ఈఈజీ లేదు, స్కాన్ లేదు. మనిషి ఈఈజీని జర్మనీలో హాన్స్ బెర్గర్ ప్రచురించినది 1929లో కదా. జాక్సన్ చేసిన పనల్లా రోగి పక్కన నిలబడి ఫిట్స్ ఎక్కడ మొదలై ఎటు పాకుతోందో చూడడమే. బొటనవేలి దగ్గర మొదలైన వణుకు చేతికి, చేతి నుంచి ముఖానికి పాకుతున్నదంటే, మెదడు ఉపరితలం మీద ఆ అవయవాలకు అదే వరుసలో స్థానాలు ఉండి తీరాలని ఊహించాడు. మూర్ఛ అంటే మెదడులోని బూడిదరంగు పదార్థంలో అప్పుడప్పుడు, హఠాత్తుగా, మితిమీరి, వేగంగా జరిగే విసర్జన (డిశ్చార్జ్) అని 1873లోనే నిర్వచించాడు. గాలి సోకడం, దయ్యం పట్టడం వంటి మాటలు చెలామణిలో ఉన్న ప్రపంచంలో ఆ వాక్యం ఎంత పెద్ద అడుగో ఆలోచించండి. ఆయన భార్య ఎలిజబెత్‌కు కూడా అటువంటి పాకే మూర్ఛలే వచ్చి, 1876లో ఆమె మరణించింది.

ఆయన రాసిన కేసుల్లో నాకు మరపురానిది "జెడ్" అనే వైద్యుడిది. ఆ వైద్యుడికే మూర్ఛ ఉంది. ఒకనాడు రోగి ఛాతీని పరీక్షించబోతుండగా ఫిట్స్ రాబోతున్న ఛాయ కనిపించింది, ఆ తరువాత ఏమి జరిగిందో ఆయనకు గుర్తులేదు. తేరుకుని చూసుకుంటే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు, రోగికి ఎడమ ఊపిరితిత్తి అడుగున న్యుమోనియా ఉందని తన చేత్తోనే రాసి ఉంది. కంగారుపడి మళ్లీ పరీక్షిస్తే, స్పృహ లేకుండా రాసిన ఆ నిర్ధారణ సరిగ్గా సరిపోయింది. జాక్సన్ దీనిని 1888లో ప్రచురించాడు. ఆ వైద్యుడు చనిపోయాక మెదడును పరిశీలిస్తే, జాక్సన్ అనుమానించిన టెంపోరల్ లోబ్ లోపలి భాగంలోనే మచ్చ కనిపించింది.

ఉస్మానియా_బిస్కెట్
స్పృహ లేకుండా కూడా చదవగలిగే చేతిరాతతో రాశాడంటే, ఆయన వైద్యుడన్న మాట నేను నమ్మను.

డీఎం_మధ్యలో
వేరే కాలేజీలో డీఎం రెండో సంవత్సరంలో ఉన్నాను. పాత_పుస్తకాలు గారు చెప్పిన కథ నిజమే గానీ, దానిని విని తమ్ముడు ఈ దారి పట్టి ఉంటే తొందరపడ్డాడని చెప్పక తప్పదు. ఇది 1888 కాదు. ఇప్పుడు మూడు టెస్లా ఎంఆర్ఐ ఉంది, జన్యు పరీక్ష ఉంది, పాతిక దాకా మందులు ఉన్నాయి. క్వాన్, బ్రోడీ అనే ఇద్దరు స్కాట్లాండులో చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి మందుతోనే 47 శాతం మందికి ఫిట్స్ ఆగిపోయాయి. అంటే దాదాపు సగంమందికి ఏ న్యూరాలజిస్టు రాసినా ఒకటే. ప్రత్యేకించి ఎపిలెప్సీ వైద్యుడే అవసరమయ్యేది మిగిలిన వారిలో కొందరికి మాత్రమే. ఆ కొందరి కోసం మాత్రమే ఒక మనిషి తన వృత్తిని కుదించుకోవాలా అన్నది నిజమైన సందేహం.

రెండో_షిఫ్టు
"ఏ న్యూరాలజిస్టు రాసినా ఒకటే" అన్న మాట నా విషయంలో నాలుగేళ్లు తప్పయింది కాబట్టి రాస్తున్నాను. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇరవై ఏళ్ల వయసులో, పరీక్షల ముందు రెండు రాత్రులు మేలుకున్న తరువాత, తెల్లవారుజామున మొదటిసారి పెద్ద ఫిట్స్ వచ్చింది. ఒక పెద్ద ఆసుపత్రిలో పది నిమిషాలు చూసి కార్బమజెపైన్ రాశారు. ఆగలేదు, డోసు పెంచారు, ఇంకా ఎక్కువయ్యాయి. నేను మాత్రలు మరిచిపోతున్నానని మా అమ్మకు చెప్పారు. నాలుగేళ్ల తరువాత వేరొకచోట ఎపిలెప్సీ మాత్రమే చూసే ఒక మేడమ్ దగ్గరకు వెళ్తే, ఆవిడ ఫైలు తెరవకముందే "ఉదయం లేవగానే చేతిలోంచి కాఫీ గ్లాసు, టూత్‌బ్రష్ ఎగిరిపడుతూ ఉంటాయా" అని అడిగారు. పడతాయి. చిన్నప్పటి నుంచి పడుతూనే ఉన్నాయి, చేతికి పట్టు లేదని అమ్మ తిట్టేది, అది జబ్బు అని ఎవరికీ తోచలేదు. ఆ ఒక్క ప్రశ్నతో నా జబ్బుకు పేరు దొరికింది: జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ. అందులో కార్బమజెపైన్ ఆ ఉలికిపాట్లను ఎక్కువ చేయగలదట. మందు మార్చాక మూడు వారాల్లో గ్లాసులు పగలడం ఆగింది.

పాత_పుస్తకాలు
రెండో_షిఫ్టు గారి జబ్బును ఒక ప్రత్యేకమైన రూపంగా 1957లో విడదీసి చెప్పిన వారిలో ప్రధానుడు జర్మన్ న్యూరాలజిస్టు డీటర్ యాంట్స్. ఆయన కూడా ఎపిలెప్సీకే వృత్తిని కేటాయించినవాడే. తెల్లవారుజామున వచ్చేవి, నిద్రలో వచ్చేవి, పగలు ఎప్పుడైనా వచ్చేవి అంటూ రోగులు చెప్పిన వేళలను ఓపికగా రాసి పెట్టుకోవడం వల్లనే ఆ రూపం ఆయనకు కనిపించింది. కాఫీ గ్లాసు ప్రశ్న వెనుక ఆ వంశవృక్షం ఉంది.

లెక్కల_మాస్టారు
నేను ఒప్పుకోను. ఆ ప్రశ్న ఇప్పుడు పాఠ్యపుస్తకంలో ఉంది. పుస్తకంలో ఉన్న ప్రశ్నను అడగకపోవడం ఆ పెద్ద ఆసుపత్రి తొందరపాటు. దానికి మందు మంచి న్యూరాలజిస్టు, మరొక ఫెలోషిప్ కాదు.

డీఎం_మధ్యలో
పుస్తకంలో ఉందని నాకూ తెలుసు మాస్టారూ. వంద మంది ఓపీలో కూర్చున్నప్పుడు అది నోటికి రావడం వేరే సంగతి. ఈ ఒక్క విషయంలో రెండో_షిఫ్టు గారు నన్ను ఓడించారు, నా "ఒకటే" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

తార్నాక_తాత
నలభై ఏళ్లు జనరల్ ప్రాక్టీసు చేసి మానుకున్నవాడిని. మీరంతా లండన్, జర్మనీ తిరుగుతున్నారు, నేను కొంచెం కిందికి దించుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మూర్ఛ ఉన్నవారు సుమారు 5 కోట్ల మంది, వారిలో 80 శాతం వరకు మనవంటి దేశాల్లోనే ఉన్నారు, సరిగా మందు అందితే 70 శాతం మంది ఫిట్స్ లేకుండా బతకగలరు. ఆ మందుల్లో ఒకటైన ఫినోబార్బిటోన్ 1912 నాటిది. హాప్ట్‌మాన్ అనే కుర్ర వైద్యుడు, రాత్రిళ్లు వార్డులో రోగులు నిద్రపోతే తానూ నిద్రపోవచ్చునని ఆ మత్తుమందు ఇచ్చి, వారికి ఫిట్స్ కూడా తగ్గడం గమనించాడని చెబుతారు. అది నేటికీ చవకైన మందుల్లో ఒకటి. నా ఉద్దేశంలో మనకు కొరత కొమ్ములు తిరిగిన నిపుణులది కాదు. మందు రెండేళ్లు ఆపకుండా వేసుకోమని పల్లెలో చెప్పే మనిషిది.

ఇంకొక సంగతి. మన దేశంలో ఫిట్స్‌కు పెద్ద కారణాల్లో ఒకటి మెదడులో చేరే నాడాపురుగు (టేప్‌వార్మ్) తిత్తి. పంది మాంసం తిననివారికి అది రాదని చదువుకున్నవారు కూడా అనుకుంటారు. పురుగు గుడ్లు మలంతో కలుషితమైన నీటి ద్వారా, సరిగా కడగని ఆకుకూరల ద్వారా లోపలికి పోతాయి, కనుక శుద్ధ శాకాహారికి కూడా వస్తుంది. నా రోగుల్లో ఒక పూజారిగారు ఈ మాట విని నా మీద కోపంతో ఏడాదిపాటు రాలేదు.

ఉస్మానియా_బిస్కెట్
తాతగారూ, ఉల్లిపాయ వాసన చూపించడం గురించి కూడా ఒక మాట చెప్పండి. మా ఇంట్లో తాళాలు పనిచేయకపోతే రెండో చికిత్స అదే.

తార్నాక_తాత
ఉల్లిపాయ కూరలోకి వాడండి. ఫిట్స్ చాలావరకు దానంతట అదే రెండు మూడు నిమిషాల్లో ఆగుతుంది, ఆ సమయంలో చేతిలో తాళాలు ఉంటే ఆ పేరు తాళాలకు వస్తుంది. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, నోట్లో ఏమీ కుక్కకూడదు, నీళ్లు పోయకూడదు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి.

అనంతపురం_ఎండ
తాతగారు నిపుణులు అక్కరలేదన్నారు. మా పిన్ని కొడుకుకు తలమీద వేడినీళ్లు పోసుకున్నప్పుడు మాత్రమే ఫిట్స్ వచ్చేవి. స్నానాల గదిలో ఏదో ఉందని శాంతి చేయించారు. కోఠిలో ఒక న్యూరాలజిస్టుకు చూపిస్తే ఆయన ఆశ్చర్యపోకుండా "చెంబుతో వేడినీళ్లు గుమ్మరించుకుంటాడా" అని అడిగారు. దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో, ఇది తెలిసిన జబ్బేనని, బెంగుళూరులో కె.ఎస్. మణి గారు 1960లలోనే దీనిని గురించి రాశారని, తరువాత అక్కడి నిమ్హాన్స్ ఆసుపత్రిలో సతీశ్‌చంద్ర గారు దీనిని విస్తారంగా పరిశోధించారని చెప్పారు. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించి, మొదట ఒంటిమీద పోసి తరువాత తలమీద పోయమన్నారు, తలస్నానం రోజున ముందుగా వేసుకునేందుకు ఒక మాత్ర రాశారు. శాంతి ఖర్చు కంటే తక్కువలో తేలిపోయింది. స్థానికంగా ఉండే ఇటువంటి జబ్బును ఇక్కడి నిపుణుడు తప్ప లండన్ పుస్తకం చెప్పదు కదా.

తార్నాక_తాత
ఒప్పుకుంటున్నాను. మణి గారిని నేను మరిచిపోకూడదు. ఆయన పల్లెల్లో చేసిన పని నా వాదనకూ పనికివస్తుంది, మీ వాదనకూ పనికివస్తుంది.

అమీర్‌పేట_అమ్మ
ఇదంతా రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

మా అబ్బాయికి పాలు తాగే వయసులో జ్వరంతో దాదాపు గంటసేపు ఫిట్స్ వచ్చింది. తరువాత ఏడేళ్లదాకా ఏమీ లేదు. రెండో తరగతిలో ఉన్నప్పుడు "అమ్మా, కడుపులోంచి ఏదో పైకి వస్తోంది" అనేవాడు, ఆ వెంటనే చూపు నిలిచిపోయేది, పెదవులు నమిలేవాడు, చొక్కా గుండీలు లాగేవాడు, ఒక నిమిషం తరువాత మామూలయ్యేవాడు. పరధ్యానమని బడిలో గోడకుర్చీ వేయించారు. కింద పడి కొట్టుకోకపోవడం వల్ల అది ఫిట్స్ అని మేమూ అనుకోలేదు. తెలిశాక ఒక ఆసుపత్రిలో ఆరేళ్లు తిరిగాం. ఒక మాత్ర రెండయింది, రెండు మూడయ్యాయి, వారానికి రెండుసార్లు వస్తూనే ఉన్నాయి. శస్త్రచికిత్స అనేది ఒకటి ఉంటుందని ఆ ఆరేళ్లలో ఎవరూ మాకు చెప్పలేదు.

చివరకు ఒక బంధువు చెప్పగా ఎపిలెప్సీ డాక్టరుగారి దగ్గరకు వెళ్లాం. ఆయన నన్ను "మీ అబ్బాయికి ఎలా వస్తుందో మీరే చేసి చూపించండి" అన్నారు. నేను సిగ్గుపడుతూ కుర్చీలో కూర్చుని, చూపు నిలిపి, పెదవులు నమిలి, ఎడమ చేత్తో గుండీలు లాగి, కుడి చెయ్యి వంచి చూపించాను. "ఆ కుడి చెయ్యి మళ్లీ చూపించండి" అన్నారు. ఆరేళ్లుగా నేను చూస్తున్న దానిని ఎవరో ఒకరు అడగడం అదే మొదలు. ఎంఆర్ఐలో మెదడు ఎడమవైపు లోపల ఒక మచ్చ ఉందని చూపించారు. వీడియో ఈఈజీలో అబ్బాయికి నాలుగుసార్లు వచ్చింది, నాలుగూ ఎడమవైపు నుంచే పుట్టాయి. తరువాత ఒక మేడమ్ వాడిని కూర్చోబెట్టి రెండు రోజులు జ్ఞాపకశక్తి పరీక్షలు చేశారు. ఆ తరువాత న్యూరాలజిస్టు, శస్త్రచికిత్స చేసే డాక్టరు, స్కాన్ చూసే డాక్టరు, ఆ మేడమ్ అందరూ ఒక గదిలో కూర్చుని మా అబ్బాయి ఒక్కడి గురించే మాట్లాడుకున్నారట. పూర్తిగా తగ్గుతుందని హామీ ఇవ్వలేనని, తగ్గే అవకాశం బాగా ఉందని, ఎడమవైపు కాబట్టి పేర్లు, మాటలు గుర్తుపెట్టుకోవడంలో కొంత ఇబ్బంది రావచ్చునని ముందే చెప్పారు. 2019లో చేశారు. ఆ తరువాత ఫిట్స్ రాలేదు.

మాస్టారు గారూ, ఆ గంటలకు బిల్లులో వరుస లేదని ఈఈజీ_గీతలు గారు చెప్పిన మాట నిజమే. మా అబ్బాయి బిల్లు నా దగ్గర ఇంకా ఉంది, నేను వెతికి చూశాను.

ఈఈజీ_గీతలు
అమ్మా, ఆ "ఒక గదిలో" అన్నది మాకు వారంలో అన్నింటికంటే పెద్ద రోజు. చాలాసార్లు అందరూ కలిసి "ఈ రోగికి చేయకూడదు" అని తేల్చే రోజు కూడా అదే.

పాత_పుస్తకాలు
జ్ఞాపకశక్తి పరీక్ష ఎందుకు పెట్టారో చెప్పే కథ ఒకటి ఉంది. 1953లో అమెరికాలో స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడం కోసం రెండు వైపులా టెంపోరల్ లోబ్ లోపలి భాగాలను తీసివేశాడు. ఫిట్స్ బాగా తగ్గాయి, కానీ ఆ రోజు నుంచి 2008లో మరణించేదాకా అతనికి కొత్త జ్ఞాపకం ఏదీ నిలవలేదు. అతనిని ఏళ్ల తరబడి పరీక్షించిన బ్రెండా మిల్నర్ కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఆవిడ. ఆ సంస్థను 1934లో స్థాపించినది తమ్ముడు విసిరిన రెండో పేరు, వైల్డర్ పెన్‌ఫీల్డ్. మెదడుకు నొప్పి తెలియదు కనుక రోగిని మెలకువగా ఉంచి, కొద్దిపాటి విద్యుత్తుతో తాకుతూ, ఎక్కడ తాకితే చెయ్యి కదులుతోందో, ఎక్కడ తాకితే మాట ఆగుతోందో తెలుసుకుంటూ, ముట్టుకోకూడని చోటును వదిలి మచ్చను తీసేవాడు. ఆయన పక్కన ఈఈజీ చూసినవాడు హెర్బర్ట్ జాస్పర్. ఒకరి పేరు మాత్రమే బయటి ప్రపంచానికి తెలిసినా, 1954లో వచ్చిన వారి పెద్ద గ్రంథం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

డీఎం_మధ్యలో
అక్కడి నుంచి దారి నేరుగా మన దగ్గరకే వస్తుంది. పెన్‌ఫీల్డ్ దగ్గర మాంట్రియల్‌లో శిక్షణ పొందిన జేకబ్ చాందీ గారు 1949లో వెల్లూరులో న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారు, అక్కడే మూర్ఛకు శస్త్రచికిత్సలూ చేశారు. తరువాత ఆ ఒరవడి చాలాకాలం మందగించింది. తమ్ముడి మూడో మాట, తిరువనంతపురం, అక్కడ వస్తుంది. విదేశాల్లో పనిచేసి వచ్చిన కె. రాధాకృష్ణన్ గారు అక్కడి శ్రీచిత్ర వైద్య సంస్థలో ఎపిలెప్సీకి ప్రత్యేక కేంద్రాన్ని నిలబెట్టారు, 1995లో అక్కడ శస్త్రచికిత్సలు మొదలయ్యాయి, ఆ సంఖ్య వెయ్యి దాటి చాలాకాలమయింది. తరువాత ఆయన ఆ సంస్థకు డైరెక్టరు కూడా అయ్యారు. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఆయన శస్త్రవైద్యుడు కాదు, న్యూరాలజిస్టు. కత్తి పట్టని మనిషి ఒక శస్త్రచికిత్సా కార్యక్రమానికి కేంద్రబిందువు కావడం ఈ శాఖలో తప్ప అరుదు.

ఇక ఫలితాల మాట. 2001లో కెనడాలో వీబ్ బృందం 80 మందిని చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసి చూస్తే, ఏడాది తరువాత స్పృహ తప్పించే ఫిట్స్ లేనివారు శస్త్రచికిత్స గుంపులో 58 శాతం, మందుల గుంపులో 8 శాతం. 2017లో ఢిల్లీ ఎయిమ్స్‌లో మంజరి త్రిపాఠి, శరత్ చంద్ర గార్ల బృందం 116 మంది పిల్లలు, కౌమారుల మీద చేసిన అధ్యయనంలో ఫిట్స్ పూర్తిగా ఆగినవారు 77 శాతం, మందులతో 7 శాతం. అమ్మగారి అబ్బాయిని ఆరేళ్లు తిప్పిన చోట ఈ అంకెలు ఎవరికీ తెలియకపోవడం నన్ను బాధిస్తోంది. రెండు సరైన మందులు విఫలమైతే పెద్ద కేంద్రానికి పంపాలన్నది మేము మొదటి సంవత్సరంలో నేర్చుకునే పాఠం.

రెండో_షిఫ్టు
మరొక కోణం ఎవరూ చెప్పలేదు. నాకు మొదట పనిచేసిన మందు వాల్‌ప్రోయేట్. పెళ్లి మాటలు మొదలవగానే మా మేడమ్ తానుగా పిలిచి, గర్భంలో బిడ్డకు లోపాలు తెచ్చే ప్రమాదం ఆ మందుకు ఎక్కువ కాబట్టి ఏడాది ముందే మార్చుకోవాలన్నారు, లెవెటిరాసిటమ్‌కు నెమ్మదిగా మార్చి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టారు. మందును సొంతంగా ఆపవద్దని పదిసార్లు చెప్పారు. తిరువనంతపురంలోనే సంజీవ్ థామస్ గారు 1998లో మొదలుపెట్టిన, మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీ వల్ల మన దేశపు స్త్రీల సమాచారం ఉందని ఆవిడే చెప్పారు. పెళ్లివారికి జబ్బు సంగతి ముందే చెప్పాను. రెండు సంబంధాలు పోయాయి. మూడోది నిలిచింది.

ఉప్పల్_వకీలు
సంబంధాలు పోవడం సమాజం సంగతి, చట్టం సంగతి నేను చెబుతాను. హిందూ వివాహ చట్టం 5వ సెక్షన్‌లో మతిభ్రమణంతోపాటు మాటిమాటికీ వచ్చే మూర్ఛను కూడా పెళ్లికి అడ్డంకిగా చేర్చి ఉండేది. ఆ మాటను 1999లో సవరణ చట్టంతో తొలగించారు, ప్రత్యేక వివాహ చట్టంలోనూ అలాగే తీసేశారు. దాని వెనుక 1970లో ఏర్పడిన ఇండియన్ ఎపిలెప్సీ అసోసియేషన్ పోరాటం, అందులో ఉన్న న్యూరాలజిస్టుల శ్రమ ఉన్నాయి. ఇప్పటికీ కొందరు ప్లీడర్లు పాత పుస్తకం చూసి విడాకుల పిటిషన్‌లో ఆ వాక్యం రాస్తూనే ఉన్నారు. న్యూరాలజిస్టు వృత్తిజీవితంలో కోర్టు మెట్లు కూడా ఉంటాయని నాన్నగారికి చెప్పండి, భయపెట్టడానికి కాదు.

లెక్కల_మాస్టారు
సరే, ఈ పని విలువ మీద నాకు తగాదా లేదు. నా ప్రశ్న చిన్నది. ఫెలోషిప్ చేసి హైదరాబాద్‌కు తిరిగి వస్తే ఈ కుర్రవాడికి ఇక్కడ చోటు ఉందా?

ఈఈజీ_గీతలు
ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లో ఎప్పటి నుంచో పని జరుగుతోంది. అక్కడ ఉన్నప్పుడు జె.ఎం.కె. మూర్తి గారు మన ప్రాంతపు రోగుల్లో ఏ రకం మూర్ఛలు ఉన్నాయో వర్గీకరించి 1998లో అంతర్జాతీయ పత్రికలో రాశారు. సికింద్రాబాద్‌లో సీతా జయలక్ష్మి గారు, శస్త్రవైద్యుడు మానస్ పాణిగ్రాహి గారు తమ శస్త్రచికిత్సల ఫలితాలను ఏళ్లుగా ప్రచురిస్తున్నారు. పని ఉంది, రోగులు అంతకంటే ఎక్కువగా ఉన్నారు. అయితే తమ్ముడు చేరే ఆసుపత్రిలో వీడియో ఈఈజీ గది, కుదురుగా ఉండే టెక్నీషియన్, జ్ఞాపకశక్తి పరీక్షలు చేసే మనిషి, ఓపిక ఉన్న సర్జను ఉన్నారో లేదో ముందే అడగమనండి. అవి లేనిచోట ఎంత పెద్ద ఫెలోషిప్ ఉన్నా తలనొప్పి ఓపీలో కూర్చోబెడతారు. చేరిన మొదటి రెండేళ్లు సాధారణ న్యూరాలజీ కూడా చూడక తప్పదు, ఇంటి అప్పు సంగతి అక్కడ తీరుతుంది.

లెక్కల_మాస్టారు
ఇది నాకు కావలసిన సమాధానం.

మల్కాజిగిరి_అక్క
మొత్తం ప్రింట్ తీయించి నాన్నగారికి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఫెలోషిప్‌లో నెలకు ఎంత ఇస్తారట" అని మాత్రం అడిగారు. దానిని మా ఇంట్లో అంగీకారంగానే లెక్కవేస్తాం. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు, తిరువనంతపురంలో మన భోజనం దొరకదన్నది ఆమె అభ్యంతరం.

తమ్ముడు కూడా చదివాడు. తన గురించి ఇంతమంది మాట్లాడుకున్నందుకు నా మీద కోపం తెచ్చుకుని, తరువాత కూర్చుని తప్పులు వెతికాడు. శస్త్రచికిత్స చేయించుకున్న వారి గురించి చెప్పేటప్పుడు ఫిట్స్ ఆగాయన్న ఒక్క మాటతో ఎవరూ వదిలేయకూడదన్నాడు. అమీర్‌పేట_అమ్మ గారికి వాడి ప్రశ్న ఇది: శస్త్రచికిత్స తరువాత అబ్బాయికి జ్ఞాపకశక్తి పరీక్ష మళ్లీ చేశారా, తేడా ఏమైనా కనిపించిందా?

అమీర్‌పేట_అమ్మ
ఏడాది తరువాత చేశారు. బొమ్మలు, దారులు బాగానే గుర్తుంటాయి, పేర్లు, మాటల జాబితాలు మునుపటి కంటే కొంచెం తగ్గాయని చెప్పారు. ఇంట్లో మాకు కూడా తెలుస్తుంది. కిరాణా కొట్టుకు పంపితే చీటీ రాసుకుని వెళ్తాడు, చుట్టాల పిల్లల పేర్లు కలిపేస్తాడు. ఇంటర్ లెక్కల్లో ఇబ్బంది రాలేదు, తెలుగు పద్యాలు మాత్రం చాలా కష్టపడి కంఠస్థం చేశాడు. మాత్రలు మూడు నుంచి ఒకటికి వచ్చాయి. దానిని కూడా ఎప్పుడు ఆపవచ్చునో వచ్చే నెల ఓపీలో అడగాలి.